ఎక్కువ ముట్టిన జీతం – తిరిగి రాబట్టిన చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజులను గురించి, యుద్ధాలను గురించి వ్రాసేటంత చదువు నాకు లేదు. ముప్పై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేశాను, అందులో ఎక్కువ భాగం జీతాల బిల్లుల సీటులోనే గడిచింది. కనుక నాకు తెలిసిన చరిత్ర ఏదైనా ఉంటే అది ఫారం 47లోను, సర్వీసు రిజిస్టర్లలోను ఉన్నదే. అందులో ఒక ముక్క మన సభ్యులలో కొందరికి రాత్రిళ్లు నిద్ర లేకుండా చేసింది. దానిని గురించే ఈ నాలుగు మాటలు. ప్రభుత్వం పొరపాటున ఉద్యోగికి ఎక్కువ జీతం ఇచ్చి, ఏళ్లు గడిచాక తిరిగి కట్టమంటే కట్టాలా, అక్కరలేదా? ఈ ప్రశ్నకు జవాబు కాలాన్ని బట్టి ఎలా మారుతూ వచ్చిందో చెబుతాను.

ముందుగా ఒక తేడా గమనించాలి. పెన్షన్ మనకు హక్కు. సర్కారు దయతలచి పడేసే బహుమానం కాదని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే సుప్రీంకోర్టువారు తేల్చారు. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో దానిని ఇంకా గట్టిపరిచారు. ఏటా డిసెంబరు 17న మనం పెన్షనర్ల దినం జరుపుకోవడం అందుకే. కాని ఎక్కువగా ముట్టిన సొమ్మును తిరిగి కట్టకుండా ఉండడం హక్కు కాదు. అది కోర్టువారు న్యాయబుద్ధితో ఇచ్చే మినహాయింపు. మనవాళ్లు ఈ రెండింటినీ ఒకటిగా కలిపి "నా పెన్షన్ ముట్టుకోవడానికి వాళ్లెవరు?" అంటూ జవాబు వ్రాసి పంపుతారు. అటువంటి జవాబులు నిలబడవు. అనుభవం మీద చెబుతున్నాను.

అసలు చట్టం చాలా పాతది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను ప్రకారం, పొరపాటున ఇచ్చిన సొమ్మును పుచ్చుకొన్నవాడు తిరిగి ఇవ్వవలసిందే. దానికి చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఇద్దరు కలిసి ఒకరికి వంద రూపాయలు బాకీ. ఒకడు వందా తీర్చేశాడు. ఆ సంగతి తెలియక రెండోవాడు కూడా వంద తెచ్చి ఇచ్చాడు. ఆ రెండో వంద తిరిగి ఇచ్చెయ్యాలి. న్యాయంగానే ఉంది కదా! లెక్కలో పొరపాటైనా, చట్టాన్ని అర్థం చేసుకోవడంలో పొరపాటైనా ఈ సెక్షను వర్తిస్తుందని 1958లో బనారసు సేల్స్ టాక్సు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో సొమ్ము తిరిగి ఇవ్వవలసివచ్చింది ప్రభుత్వమే. పన్ను కట్టిన వ్యాపారికి ఇచ్చింది. చట్టం రెండువైపులా పదును గలది.

మరి జీతగాడి సంగతి ఏమిటి? వర్తకుడికి ఖాతా పుస్తకం ఉంటుంది, లెక్క చూసుకొంటాడు. ఒకటో తారీఖున జీతం తెచ్చుకొనేవాడు ఆ అంకెను నమ్మి ఇల్లు నడుపుతాడు. ఈ తేడాను ఇంగ్లండులో చాలా ముందే, 1825లోనే ఒక కోర్టు గుర్తించింది. స్కైరింగ్ అనే సైనికాధికారి ఖాతాలో ఆయన రెజిమెంటు జీతాల లెక్కలు చూసే ఏజెంట్లు కొన్నేళ్ల పాటు పెరిగిన జీతం జమచేస్తూ పోయారు. ఆయన హోదా వారికి ఆ పెంపు వర్తించదని 1816లోనే పైనుంచి ఆ ఏజెంట్లకు తెలియజేశారు. కాని వారు ఆయనకు ఆ ముక్క 1821 దాకా చెప్పలేదు. ఆయన చనిపోయాక, ఎక్కువ ఇచ్చిన మేరకు ఆయన సొమ్ములో కొంత పట్టి ఉంచుకొన్నారు. వారసులు దావా వేశారు. ప్రధాన న్యాయమూర్తి అబ్బట్ వారసుల పక్షాన తీర్పు ఇచ్చారు. మనిషి తన రాబడి ఇంత అని నమ్మి ఆ నమ్మకం మీద ఖర్చులు పెట్టుకొంటాడు, ఏళ్ల తరువాత వచ్చి అది నీది కాదంటే అన్యాయం అన్నది ఆ తీర్పులోని సారం. మన దేశంలో గుమాస్తాకు, అటెండరుకు ఇదే మాట వినిపించడానికి ఇంకో నూట డెబ్బై ఏళ్లు పట్టింది.

అసలు పొరపాటు ఎక్కడ పుడుతుందో కాస్త వివరంగా చెబుతాను. మన ఇళ్లలోని పిల్లలు కూడా ఇది చదువుతారు, వారికి ఈ సంగతులు తెలియవు.

ఉద్యోగి జాతకం అంతా సర్వీసు రిజిస్టరులో ఉంటుంది. ఇంక్రిమెంటు, సెలవు, బదిలీ, ప్రమోషన్, శిక్ష, ఏదైనా అందులో ఎక్కాలి, ఆఫీసరు సంతకం పడాలి. ఏటా సర్వీసు సరిచూసినట్లు వ్రాయాలని రూలు. ఎన్ని ఆఫీసుల్లో వ్రాశారో మనకందరకూ తెలుసు. పే రివిజన్ వచ్చినప్పుడు అసలు గొడవ మొదలవుతుంది. మన రాష్ట్రంలో 1978, 1986, 1993, 1999, 2005 స్కేళ్లు నా చేతుల మీదుగానే నడిచాయి. జీవో రావడం ఆలస్యం, ఆఫీసులో ఉన్న అందరికీ ఒకే నెలలో పే ఫిక్సేషన్ అయిపోవాలి, అరియర్స్ బిల్లు ట్రెజరీకి వెళ్లాలి. ఆప్షను ఏ తేదీకి ఇచ్చారు, ఇంక్రిమెంటు నెల ఏది, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలు ఎనిమిదేళ్లకా, పదహారేళ్లకా, ప్రమోషన్ వద్దని వ్రాసి ఇచ్చినవారికి అది వస్తుందా రాదా, ఇటువంటివి వంద ఉంటాయి. ఒక చోట మెట్టు తప్పితే ఆ తరువాత ప్రతి ఇంక్రిమెంటూ, ప్రతి డి.ఎ., చివరకు పెన్షనూ ఆ తప్పు మెట్టు మీదనే నిలబడతాయి. ఈ రోజుల్లో అంతా కంప్యూటరులోనే నడుస్తున్నది, సంతోషం. కాని తప్పు అంకె ఎక్కించితే కంప్యూటరు కూడా ఆ తప్పునే కూడుతుంది, పైగా క్షణంలో కూడుతుంది.

ఇక ఆ రిజిస్టరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా శ్రద్ధగా చదివేది ఎప్పుడు? పెన్షన్ పేపర్లు తయారుచేసేటప్పుడు. అంటే మనిషి ఇంటికి వెళ్లిపోయే ముందు. ఆడిట్టువారి ఎర్ర సిరా గీత కూడా అప్పుడే పడుతుంది. గ్రాట్యుటీ రూపంలో కాస్త పెద్ద మొత్తం చేతికి రాబోయేదీ అప్పుడే. రికవరీ మెమోలు రిటైర్మెంటు చుట్టూనే వస్తాయంటే కారణం ఇదే. ఎవరో పగబట్టి చేయడం లేదు, వ్యవస్థే అలా ఉన్నది. పొరపాటు చేసిన గుమాస్తా, సంతకం చేసిన ఆఫీసరు, పాస్ చేసిన ట్రెజరీ, వీళ్లందరూ అప్పటికి ఎక్కడెక్కడికో వెళ్లిపోయి ఉంటారు. మిగిలేది పుచ్చుకొన్నవాడు ఒక్కడే.

1991లో నేను పనిచేస్తున్న ఆఫీసులో ఒక అటెండరు రిటైరయ్యాడు. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు. నాకన్నా పెద్దవాడు. 1974లో అతని భార్యకు క్షయ వస్తే ఏడు నెలలు జీతనష్టపు సెలవు పెట్టి దగ్గర ఉండి చూసుకొన్నాడు. వైద్య ధృవపత్రం మీద కాకుండా పెట్టిన అటువంటి సెలవుకు ఇంక్రిమెంటు తేదీ అన్ని నెలలు వెనక్కు జరగాలి. అప్పటి సీటు గుమాస్తా జరపలేదు. ఆఫీసరు చూడలేదు. అలా పదిహేడేళ్లు ప్రతి ఏటా ఏడు నెలల ముందుగా ఇంక్రిమెంటు వచ్చింది. పెన్షన్ పేపర్లు వెళ్లాక అభ్యంతరం వచ్చింది. రికవరీ స్టేట్‌మెంటు వేయవలసిన పని నా సీటుకు వచ్చింది. నెలనెలా అంకెలు వ్రాస్తే పెద్ద కాగితాలు తొమ్మిది అయ్యాయి. మొత్తం రెండు వేల మూడు వందల చిల్లర. ఈనాటి లెక్కలో ఏమీ కాదు. అతనికి మాత్రం అది చిన్న కూతురు పెళ్లికి అనుకొన్న డబ్బు.

స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టమని ఇస్తే, చదవడం రాదు గనుక నన్నే చదివి చెప్పమన్నాడు. చెప్పాను. చాలాసేపు ఊరుకొని, "బాబుగారూ, నేను అడిగి పుచ్చుకొన్నానా?" అన్నాడు. "నువ్వు అడగలేదయ్యా, రూలు అలా ఉంది" అన్నాను. "మరి ఇచ్చినోళ్లను అడగరా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఆఫీసరు దగ్గరా లేదు. గ్రాట్యుటీలో నుంచి కోసుకొని మిగతాది ఇచ్చారు. మాట అనకుండా తీసుకొని వెళ్లాడు.

ఇది జరిగిన మూడేళ్లకే సుప్రీంకోర్టువారు దాదాపు అదే ప్రశ్న వేశారు. 1994 ఫిబ్రవరిలో శ్యాంబాబు వర్మ కేసు. ఫార్మసిస్టులకు 1973 నుంచి 330-560 స్కేలు ఇచ్చి, వారికి రావలసినది 330-480 అని 1984లో తగ్గించారు. తగ్గించడం సరే గాని, ఇందులో వారి తప్పేమీ లేదు గనుక ఇచ్చినది రాబట్టవద్దన్నారు. అదే ఏడు సాహిబ్ రామ్ కేసు. హర్యానాలో ఒక కాలేజీ లైబ్రేరియన్‌కు కావలసిన యోగ్యత లేకపోయినా ప్రిన్సిపాలు రూలును తప్పుగా అర్థం చేసుకొని పెద్ద స్కేలు ఇచ్చాడు. లైబ్రేరియన్ అబద్ధం చెప్పి పుచ్చుకోలేదు గనుక రికవరీ చెల్లదన్నారు. "అడిగి పుచ్చుకొన్నానా?" అన్న అటెండరు మాటకూ, "ఉద్యోగి తప్పుడు సమాచారం ఇచ్చాడా?" అన్న కోర్టు పరీక్షకూ నాకు పెద్ద తేడా కనిపించలేదు. అతని కేసు మాత్రం అప్పటికే ముగిసిపోయింది.

ఈ రెండు తీర్పులలోనూ మనవారు గమనించని సంగతి ఒకటి ఉన్నది. పాతది రాబట్టవద్దన్నారే గాని, తప్పు స్కేలును కొనసాగించమనలేదు. ముందు ముందు జీతమైనా, పెన్షనైనా సరిచేసుకోవచ్చు. రికవరీ ఆగింది గనుక పాత పెన్షనే ఇవ్వాలని వాదించేవారున్నారు. అది వేరే సంగతి, ఈ తీర్పుల వల్ల రాదు.

2006లో కల్నల్ బి.జె. అక్కర కేసులో కోర్టువారు ఈ మినహాయింపు ఎందుకో విడమరచి చెప్పారు. కింది స్థాయి ఉద్యోగి చేతికి వచ్చినది కుటుంబం మీద ఖర్చుపెట్టేస్తాడు, తనది కాదని తెలిస్తే పెట్టేవాడు కాదు, తరువాత కట్టమంటే ఇల్లు కూలుతుంది, అందుకే ఈ ఊరట అన్నారు. ఇది ఉద్యోగి హక్కు కాదని, ఎక్కువ వస్తున్నదని అతనికి తెలిసినా, పొరపాటు త్వరలోనే బయటపడి సరిదిద్దినా ఈ ఊరట ఉండదని కూడా అందులోనే చెప్పారు. 2008 డిసెంబరులో బీహారు టీచర్ల కేసు (సయ్యద్ అబ్దుల్ ఖాదిర్)లోనూ ఇదే వరుస.

తరువాత గాలి మారింది. 2012 ఆగస్టులో చండీప్రసాద్ ఉనియాల్ కేసు. ఉత్తరాఖండ్ టీచర్లది. ఈ సొమ్ము ఇచ్చిన ఆఫీసరుదీ కాదు, పుచ్చుకొన్న ఉద్యోగిదీ కాదు, పన్ను కట్టే జనానిది అన్నారు న్యాయమూర్తులు. మోసం లేకపోయినా రాబట్టవచ్చునని, మరీ కష్టమైన సందర్భాలలో మాత్రమే వదలాలని చెప్పి, పన్నెండు నెలసరి వాయిదాలలో వసూలుచేయమన్నారు. ఈ తీర్పు రాగానే దేశంలో అన్ని ఆఫీసులలో రికవరీ ఫైళ్లు మళ్లీ బల్లల మీదికి వచ్చాయి. ఆనాడు మన సంఘంలో కొందరు ఆ న్యాయమూర్తులను తిట్టారు. నేను మాత్రం తిట్టలేను. ప్రభుత్వ ధనానికి యజమాని లేడనుకోవడం మన ఆఫీసులలో ఎప్పటినుంచో ఉన్న జబ్బు.

మా సహోద్యోగి ఒకరు బదిలీ మీద వెళ్లిన నెలలో పాత ఆఫీసూ, కొత్త ఆఫీసూ రెండూ జీతం డ్రా చేశాయి. ఆయన ఒక నెల జీతం చేతిలో పట్టుకొని తిరిగి కడతానని ట్రెజరీకి వెళితే, ఏ పద్దులో కట్టాలో చెప్పేవారు లేక మూడుసార్లు తిరగవలసివచ్చింది. నాలుగోసారి చలానా మీద సంతకం పడింది. ఆయనను చూసి నవ్వినవారే ఎక్కువ. రెండు జీతాలు వచ్చాయని ఆయనకు తెలుసు. తెలిసి ఉంచుకొన్నవాడికి ఏ కోర్టూ ఊరట ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అటెండరు సంగతి అది కాదు.

ఈ రెండు రకాల తీర్పుల మధ్య ఏది నిలుస్తుందన్న సందేహం 2014లో తేలింది. పంజాబ్ ప్రభుత్వానికీ, రఫీక్ మసీహ్ అనే ఉద్యోగికీ మధ్య కేసు. కోర్టు రికార్డులో ఆయన పేరు పక్కనే "వైట్ వాషర్" అని ఉంటుంది, అంటే గోడలకు సున్నం వేసే పని. దేశంలో ఏ రికవరీ కేసైనా ఈనాడు ఆయన పేరు చెప్పకుండా నడవదు. 2014 డిసెంబరు 18న జస్టిస్ ఖేహర్, జస్టిస్ అరుణ్ మిశ్రా ఇచ్చిన తీర్పులో రికవరీ చేయకూడని సందర్భాలు ఐదు చెప్పారు. మూడవ, నాల్గవ తరగతి ఉద్యోగుల నుంచి రాబట్టరాదు. రిటైరైనవారి నుంచి, రికవరీ ఆర్డరు నాటికి ఏడాదిలోపు రిటైరయ్యేవారి నుంచి రాబట్టరాదు. ఆర్డరుకు ముందు ఐదేళ్లకు మించిన కాలం పాటు ఎక్కువ చెల్లింపు జరుగుతూ వచ్చి ఉంటే రాబట్టరాదు. తప్పుగా పై పోస్టు పని చేయించి ఆ జీతం ఇచ్చి ఉంటే రాబట్టరాదు. ఇవి కాక, రాబట్టడం మరీ కఠినమని, అన్యాయమని కోర్టుకు తోచిన ఇతర సందర్భాలు. కేంద్ర ప్రభుత్వం 2016 మార్చి 2న మెమో జారీచేసి తన శాఖలకు వీటిని తెలియజేసింది.

మా అటెండరు సంగతి ఈ ఐదింటిలో మొదటి మూడింటికీ సరిపోతుంది. నాల్గవ తరగతి, రిటైరైనవాడు, పదిహేడేళ్ల నాటి పొరపాటు.

ఇక్కడితో కథ ముగిసిందని మనవారు చాలామంది అనుకొంటున్నారు. ముగియలేదు. 2016 జూలై 29న జగదేవ్ సింగ్ కేసు తీర్పు వచ్చింది. ఆయన హర్యానాలో న్యాయాధికారిగా చేసి రిటైరైనవారు. పే రివిజన్ సమయంలో "ఎక్కువ చెల్లించినట్లు తేలితే తిరిగి కడతాను" అని హామీపత్రం వ్రాసి ఇచ్చారు. ముందే హెచ్చరిక ఉండి, దానికి ఒప్పుకొని సంతకం చేసినవారికి "రిటైరైనవారు" అన్న మినహాయింపు వర్తించదన్నారు. రెండేళ్ల వాయిదాలలో కట్టించుకోమన్నారు. ఆ హామీపత్రం మనలో ఎవరు వ్రాసి ఇవ్వలేదు చెప్పండి? పే ఫిక్సేషన్ ఆప్షను ఫారంతో ఒకటి, పెన్షన్ పేపర్లతో ఒకటి, బ్యాంకులో పెన్షన్ ఖాతా తెరిచేటప్పుడు ఒకటి. బిల్లుల సీటులో కూర్చొని వందలమందితో నేనే సంతకాలు చేయించాను, అది లేకపోతే బిల్లు పాస్ కాదు గనుక. చదివి సంతకం పెట్టినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు.

అయినా తీర్పులు మనకు అనుకూలంగానే ఎక్కువ వస్తున్నాయి. 2020లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన 85 ఏళ్ల పెద్దాయన ఖాతా నుంచి పెన్షన్ ఎక్కువ ఇచ్చామంటూ ఒక బ్యాంకు కోసుకొన్న సుమారు 3 లక్షల 69 వేల రూపాయలను తిరిగి ఇప్పించింది. 2022 మే 2న సుప్రీంకోర్టు థామస్ డేనియల్ కేసులో కేరళ హెడ్‌మాస్టరు మీది రికవరీని కొట్టివేసింది. ఆయన రిటైరైనది 1999లో! ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. 2025 ఏప్రిల్‌లో కటక్ జిల్లా కోర్టు స్టెనోగ్రాఫర్ల కేసులోనూ, రిటైరైన తరువాత, వారి మాట వినకుండా వేసిన రికవరీ చెల్లదన్నారు. వేలల్లోని మొత్తాల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసివచ్చింది పాపం.

ఇక కుటుంబ పెన్షనర్ సోదరీమణులకు రెండు ముక్కలు. రిటైరైన పెన్షనరు చనిపోతే భార్యకు మొదట పెంచిన రేటులో కుటుంబ పెన్షన్ వస్తుంది. అది ఏడేళ్లు గాని, భర్త బతికి ఉంటే 65 నిండే తేదీ దాకా గాని, ఏది ముందైతే అంతవరకే. ఆ తేదీ పెన్షన్ ఆర్డరులోనే వేసి ఉంటుంది. తగ్గించడం వారు మరచిపోతే ఏళ్లతరబడి పెంచిన రేటే వస్తుంది, ఒకనాడు లక్షలలో లెక్క చూపిస్తారు. ఆ తేదీ రాగానే మీరే వ్రాసి ఇవ్వండి. ఆర్డరులో తేదీ ఉండగా "నాకు తెలియదు" అనడం కష్టం. రెండోది, పెన్షనరు చనిపోయిన రోజు వరకే పెన్షన్. ఆ తరువాత ఖాతాలో పడిన నెలలు తిరిగి కట్టవలసినవే. దీనికి పైన చెప్పిన తీర్పులు అడ్డుపెట్టవద్దు.

ఎవరికైనా రికవరీ మెమో వస్తే వెంటనే డబ్బు కట్టవద్దు, కోపంతో ఉత్తరమూ వ్రాయవద్దు. ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రూలు కింద అని లెక్క కాగితం అడగండి. వారు చూపే హామీపత్రం నకలు అడగండి, అందులో తేదీ, మాటలు చూడండి. మీరు ఏ తరగతిలో రిటైరయ్యారో సర్వీసు రిజిస్టరు నకలు దగ్గర పెట్టుకోండి. ఇవి తీసుకొని నెలసరి సమావేశం రోజున సంఘం ఆఫీసుకు రండి, జవాబు కలిసి వ్రాద్దాం. మెమో మీ చేతికి ఇచ్చేటప్పుడు మీరు అందుకొన్న తేదీని సంతకం కిందనే వేయండి. పాత తేదీ మెమోలు ఇచ్చిపోవడం కొన్ని ఆఫీసులలో ఇంకా ఉన్నది.